పాటలో ఆ ఒక్క బిట్టు: మా ఆర్కెస్ట్రా నోట్స్ పని డైరీ

జూన్ మొదటి వారం

మా గుంటూరు ఆర్కెస్ట్రాలో పాడేవాళ్లకు కొదవలేదు, వాయించేవాళ్లకూ లేదు. కొరతంతా బిట్లకే, అంటే పాట మధ్యలో వచ్చే చిన్న ముక్కలకే. పల్లవి అందరికీ వచ్చు, చరణం అందరికీ వచ్చు. ఫస్ట్ బీజీఎం (పల్లవికీ చరణానికీ మధ్య వాయిద్యం) దగ్గరికొచ్చేసరికి మాత్రం కీబోర్డు మీద శ్రుతి తప్పకుండా ఏదో ఒకటి వాయించి, తబలాతో నాలుగు ఆవర్తనాలు (తాళం చుట్లు) లాగించి చరణంలోకి దిగిపోతాం. పెళ్లి పందిట్లో భోజనాల హడావుడిలో అది సరిపోతుందనుకుంటాం. కానీ వినేవాళ్లు దేనికోసం ఎదురుచూస్తారో వేదిక మీద నుంచి బాగా కనిపిస్తుంది. పల్లవి అయిపోతుండగానే తలలు లేస్తాయి. రావాల్సిన వేణువు ముక్క రాకపోతే అవే తలలు మళ్లీ విస్తళ్ల వైపు తిరుగుతాయి.

అందుకే ఈ పని మొదలుపెట్టాను. పాట మొత్తం రాయడం నా ఉద్దేశం కాదు. పాటలో మిగతా అంతటి నుంచీ వేరుగా లేచి నిలబడే ఆ కొద్ది సెకన్లనే స్వరం పోకుండా రాసిపెట్టాలి. వాయిద్యం మారే చోటు, గొంతు మారే చోటు, నడక మారే చోటు. వయొలిన్, కీబోర్డు, వేణువు, ఏది వాయించేవాళ్లయినా కాగితం చూసి ఎత్తుకోగలిగేలా ఉండాలి.

నా వాయిద్యం వయొలిన్. ఇంట్లో పాత లాప్‌టాప్ ఉంది. అందులో ముక్క కత్తిరించడానికి, నెమ్మది చేయడానికి ఆడాసిటీ. స్వరాల ఊగు కంటితో చూడటానికి సోనిక్ విజువలైజర్, దీన్ని లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ వాళ్లు తయారుచేశారు. స్టాఫ్ నొటేషన్ అడిగే కీబోర్డు కుర్రాళ్ల కోసం మ్యూజ్‌స్కోర్. మూడూ ఉచితమే. ఖర్చు పెట్టింది మంచి హెడ్‌ఫోన్ మీద మాత్రమే. ఈ పనికి దానిమీద పిసినారితనం పనికిరాదు, ఫోన్‌తో వచ్చే ఇయర్‌ఫోన్‌లో పాత పాటల బేస్ అసలు వినపడదు.

జూన్ మూడో వారం

పాత పాటలతో మొదటి చిక్కు శ్రుతి. హార్మోనియం ముందు పెట్టుకుని పాట వింటే, షడ్జమం (స) ఏ మెట్టు మీదా సరిగ్గా కూర్చోదు. రెండు మెట్ల మధ్య ఎక్కడో ఉంటుంది. రికార్డు నుంచి టేపుకు, టేపు నుంచి క్యాసెట్‌కు, అక్కణ్ణుంచి కంప్యూటర్‌కు ఎక్కించేటప్పుడు వేగంలో వచ్చిన తేడాలే దీనికి చాలావరకు కారణం. వేగం సుమారు 6 శాతం పెరిగితే పాట అర శ్రుతి (హార్మోనియం మీద ఒక మెట్టు) పైకి పోతుంది. అంటే ఒకటిన్నరలో పాడిన పాట ఇంట్లో రెండు శ్రుతిలో వినపడుతుంది. 2 శాతం తేడా వస్తే మరీ ఇబ్బంది, ఏ మెట్టూ దొరకదు.

చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. నేను పాటను సరిచేయడం మానేసి, వయొలిన్‌నే పాట శ్రుతికి దించుకున్నాను. రాసేది స రి గ మలలో కాబట్టి షడ్జమం ఎక్కడుంటే ఏం? మన స్వరలిపికి ఉన్న సుఖం ఇదే. పాడేవాళ్ల శ్రుతి ఎంతయినా కాగితం మారదు. మ్యూజ్‌స్కోర్ ప్రతిలో మాత్రం మా పాడే అమ్మాయిల శ్రుతికి మార్చి రాస్తున్నాను.

నెమ్మది చేయడం గురించి ఒక మాట. ఆడాసిటీలో శ్రుతి మారకుండా వేగం తగ్గించవచ్చు, కానీ బాగా తగ్గిస్తే శబ్దం గరగరలాడి గమకాలు (స్వరాల ఊగు) చెదిరిపోతాయి. టేపు తిప్పినట్టు మొత్తం వేగాన్నే సగం చేస్తే స్వరాలన్నీ సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగుతాయి. షడ్జమం షడ్జమంగానే ఉంటుంది, గమకం ఆకారమూ చెడదు. వేణువు కాస్తా ఏదో బొంగురు వాయిద్యంలా వినిపిస్తుంది, అంతే. నాకు ఈ పద్ధతే నచ్చింది.

జూలై, నాదస్వరం

ఈ నెలంతా ఒకే పాట మీద గడిచింది, గడవాలి కూడా. 'నీ లీల పాడెద దేవా'. 1962లో తమిళంలో వచ్చిన 'కొంజుం సలంగై' తెలుగులో 'మురిపించే మువ్వలు' అయింది. సంగీతం ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడు. గొంతు ఎస్. జానకి, నాదస్వరం కారుకురిచ్చి అరుణాచలం. రాగం ఆభేరి, త్యాగరాజస్వామి 'నగుమోము'ను ఈరోజు మనం వినే రాగమే.

ఈ పాటలో నాదస్వరం పక్కవాయిద్యం కాదు, రెండో గొంతు. గొంతు ఒక సంగతి (స్వరాల మలుపు) అంటే నాదస్వరం దానికి బదులు చెబుతుంది. చివరికి ఏది ఏదో విడదీయలేనంతగా కలుస్తాయి. ఊళ్లలో ఆర్కెస్ట్రాలు ఈ పాట జోలికి పోనిది ఈ భయంతోనే. పోయినవాళ్లు కీబోర్డులో సన్నాయి శబ్దం పెట్టి కానిచ్చేస్తారు.

ఆరోహణ స గ మ ప ని స, అవరోహణ స ని ద ప మ గ రి స. కాగితం మీద చాలా తేలిక. సగం వేగంతో విని ఒక్కో బదులూ రాసుకుంటూ పోయాను. చిక్కంతా గాంధారం దగ్గర వచ్చింది. రాసేటప్పుడు 'గ' ఒక్క అక్షరం. సోనిక్ విజువలైజర్‌లో చూస్తే అక్కడ నిలకడగా ఉన్న గీత లేదు, పైన మధ్యమాన్ని (మ) తాకుతూ కిందికి జారుతూ ఊగే అల ఉంది. దానికి ముందున్న షడ్జమం మాత్రం గీత గీసినట్టు తిన్నగా ఉంది. పక్కపక్కనే ఆ రెండింటినీ చూస్తే రాగమంటే ఏమిటో కంటికి కనిపించింది.

రాసింది పట్టుకుని చిలకలూరిపేట బాణీలో నేర్చుకున్న నాదస్వరం మాస్టారు దగ్గరికి వెళ్లాను. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారి పేరు చెబితే ఇప్పటికీ రెండు చేతులూ జోడించే మనిషి. కాగితం చూసి అడిగారు.

"గాంధారం అని రాశావు, బాగుంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో రాయలేదేం?"

"మధ్యమం మీద నుంచి వస్తోంది మాస్టారూ."

"మరి అది రాయవయ్యా. వచ్చిన దారి లేకుండా గాంధారానికి విలువేముంది?"

సీవాళి (ఊదే పీక) తడిపి పెట్టుకుని వాయించి చూపించారు. దగ్గర నుంచి చూస్తే వేలు రంధ్రం మీద నుంచి పూర్తిగా లేవదు. అంచుకు జరిగి, కొంచెం తెరిచి, మళ్లీ మూస్తుంది. అదే సమయంలో పెదవి బిగింపు, ఊపిరి బలం కూడా మారుతున్నాయి. వేలు ఒక్కటే చేస్తే స్వరం గెంతినట్టుంటుంది, ఊపిరి కలిస్తేనే జారుతుంది. అదే గాంధారాన్ని ఆయన మూడు రకాలుగా వాయించి, "ఈ మూడోది అరుణాచలం గారిది" అన్నారు. వినగానే ఒళ్లు జలదరించింది.

ఆ రోజు నుంచి నా స్వరలిపిలో ఒక చిన్న మార్పు వచ్చింది. ఊగే స్వరానికి ముందు, అది ఏ స్వరం నుంచి వస్తుందో దాన్ని చిన్న అక్షరంగా పైన రాస్తున్నాను. కీబోర్డు వాళ్లకు ఇది పిచ్ బెండ్ చక్రం ఎటు తిప్పాలో చెబుతుంది. మామూలుగా ఆ చక్రం స్వరాన్ని అటు రెండు మెట్లు, ఇటు రెండు మెట్లు వంచుతుంది. ఆభేరిలో గాంధారానికీ మధ్యమానికీ మధ్య దూరం కూడా సరిగ్గా రెండు మెట్లే. అంటే గాంధారం నొక్కి చక్రాన్ని పైకి పూర్తిగా తోస్తే మధ్యమం తాకుతుంది. మా కీబోర్డు అబ్బాయికి ఈ లెక్క చెప్పగానే మొహం వెలిగిపోయింది. నాదస్వరం నాదస్వరమే, కాదనను. కానీ పందిట్లో కీబోర్డు మీదైనా ఆ గాంధారం ఊగితే నాకు తృప్తి.

జూలై చివర, గొంతు విడదీయడం

పాటలోంచి గొంతును, వాయిద్యాలను వేరుచేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. స్ప్లీటర్, డెముక్స్ రెండూ వాడి చూశాను. గొంతు, డ్రమ్స్, బేస్, మిగతావి అని విడగొడతాయి. ఎనభైల తరువాతి పాటల మీద బాగానే పనిచేశాయి. నాదస్వరం పాట మీద మాత్రం చేతులెత్తేశాయి. నాదస్వరంలో సగం గొంతు ట్రాక్‌లోకి వెళ్లి కూర్చుంది. మనిషి గొంతులా పలకాలనే ఆ విద్వాంసుడి తపన యంత్రాన్ని కూడా నమ్మించిందంటే నాకు సంతోషమే. పాత పాటలకు చెవినే నమ్ముకోవాలని తేలిపోయింది, దీనిమీద ఇక సమయం పెట్టను.

ఆగస్టు, వీణ

'నీవు లేక వీణ పలుకలేనన్నది'. 1964 నాటి 'డాక్టర్ చక్రవర్తి', సాలూరి రాజేశ్వరరావు గారి సంగీతం, పి. సుశీల గారి గొంతు. వీణ ముక్కలు రాయడంలో ప్రశ్న వేరు. ఎన్ని స్వరాలు వినిపించాయన్నది ఒకటి, ఎన్నిసార్లు మీటారన్నది మరొకటి. వీణకు 24 మెట్లు. ఒక మెట్టు మీద తంత్రిని మీటి, మోగుతుండగానే పక్కకు లాగితే పై స్వరాలు పలుకుతాయి. ఒక్క మీటులో రెండు, మూడు స్వరాలు వస్తాయి. ప్రతి స్వరాన్నీ విడిగా మీటితే స్వరాలు తప్పు కావు గానీ పాట మాత్రం అది కాదు.

అందుకని మీటు పడిన స్వరం కింద చుక్క పెడుతున్నాను. చుక్క లేనిదంతా లాగుడే. స్పెక్ట్రోగ్రాంలో (శబ్దాన్ని బొమ్మగా చూపేది) మీటు పడ్డ చోట నిలువుగా సన్నటి గీత కనిపిస్తుంది, కాబట్టి ఊహ అక్కర్లేదు. వయొలిన్ మీద దీన్ని ఒకే కమానులో వాయిస్తే చాలా దగ్గరగా వస్తోంది.

ఆగస్టు మూడో ఆదివారం

ఈ రోజు రిహార్సల్‌లో ఒక సంగతి తేలింది, మొత్తం నోట్‌బుక్ పద్ధతినే మార్చేది.

ఇప్పటిదాకా బిట్లను విడివిడి ఫైళ్లుగా కత్తిరించి పెట్టుకున్నాను. అందరికీ వరుసగా వినిపించాను. బాగుందన్నారు, తలలూపారు. తరువాత మా పాడే అమ్మాయి, "అన్నయ్యా, పల్లవి చివరి లైను నుంచి పెట్టవా" అంది. పెట్టాను. గొంతు ఆగింది, నాదస్వరం అందుకుంది. తబలా బాబాయ్ చెయ్యి దానంతటదే లేచింది. మూల కూర్చుని ఫోన్ చూసుకుంటున్న గిటారు కుర్రాడు తలెత్తాడు. అదే బిట్టు, అవే స్వరాలు. పది నిమిషాల ముందు విన్నదే.

దాంతో మిగతావన్నీ అలాగే పెట్టి విన్నాం. ప్రతిసారీ అదే జరిగింది. బిట్టును లేపేది బిట్టులో లేదు. దానికి ముందు గొంతు ఏ స్వరం మీద ఆగింది, తాళంలో ఎక్కడ ఆగింది, ఆగాక ఎంత ఖాళీ ఉంది, ఆ ఖాళీలో తబలా మోగుతోందా లేదా, వాయిద్యం సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద ఎత్తుకుందా లేక కాస్త తరువాతా, ఇవన్నీ కలిసి దాన్ని లేపుతాయి. గాంధారం గురించి మాస్టారు అన్నదే పాట మొత్తానికీ వర్తిస్తోంది.

అంచేత కొత్త నియమం. ప్రతి బిట్టునూ దానికి ముందు రెండు ఆవర్తనాలతో, తరువాత ఒక ఆవర్తనంతో కలిపి రాయాలి. ముందు భాగంలో గొంతు స్వరాలు, తాళం దెబ్బలు కూడా ఉండాలి. అంటే రాసినవన్నీ మళ్లీ ముట్టుకోవాలి. పని రెట్టింపయింది, అయినా ఒక్కళ్లూ వద్దనలేదు.

మన సంగీతంలో ఇది పాత విద్యే. కృతుల్లో చిట్టస్వరం (మాటల్లేని స్వరాల ముక్క) అనుపల్లవి తరువాతా చరణం తరువాతా వస్తుంది. సాహిత్యం వింటున్న చెవికి ఒక్కసారిగా స్వరాలు పడతాయి, మళ్లీ పల్లవిలోకి తీసుకెళ్లి వదులుతాయి. దీక్షితార్ కృతుల్లో మధ్యమకాల సాహిత్యం వచ్చినప్పుడు తాళం మారదు, అదే తాళంలో మాటల నడక రెట్టింపవుతుంది. అప్పటిదాకా నెమ్మదిగా నడిచింది గనుకే ఆ పరుగు మనకు తెలుస్తుంది. సినిమా సంగీతం చేసిన పెద్దలు చాలామంది ఈ కృతులు వింటూ, పాడుతూ పెరిగినవాళ్లే.

సెప్టెంబరు మొదటి వారం, మంత్రం

'మాటే మంత్రము'. 'సీతాకోకచిలుక', 1981, ఇళయరాజా గారు. పాట మొదలుకాకముందు శతమానం భవతి ఆశీర్వచన మంత్రం వస్తుంది. పెళ్లిళ్లలో ఈ పాట మమ్మల్ని తరచూ అడుగుతారు, మేం ఎప్పుడూ మంత్రం వదిలేసి నేరుగా పల్లవి ఎత్తుకుంటాం. ఈ నోట్‌బుక్ పని మొదలయ్యాక అది నాకు బొత్తిగా మింగుడుపడటం లేదు. పాటలో ప్రేమజంట మాటే తమకు మంత్రమని చెప్పుకుంటారు. ముందు అసలు మంత్రం వినిపిస్తేనే కదా ఆ మాటకు బలం.

దీన్ని మిగతా బిట్లలా ఆవర్తనాల గళ్లలో ఇరికించలేదు. మంత్రాన్ని అక్షరాలతోనే రాసి, దీర్ఘాలు ఎంతసేపు నిలపాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గుర్తులు పెట్టాను. వేదం చెప్పుకున్నవాళ్లు స్వరం ఎక్కడ దిగాలో, ఎక్కడ లేవాలో తెలియడానికి అనుదాత్తానికి కింద, స్వరితానికి పైన గీతలు పెట్టుకుని ఉదాత్తాన్ని గీత లేకుండా వదిలే పద్ధతి ఎటూ ఉంది, ఆ బాటలోనే వెళ్లాను. మా పాడేవాళ్లలో ఇద్దరికి పురోహితుల ఇళ్ల నేపథ్యం ఉంది, వాళ్లు చూడగానే అనేశారు. మిగతావాళ్లకు నేర్పించడానికి వాళ్లే ముందుకొచ్చారు.

సెప్టెంబరు మూడో వారం, గొంతు మారే చోటు

వాయిద్యం లేకుండా గొంతుతోనే ఇదంతా చేసిన పాట ఒకటి కావాలనుకున్నప్పుడు వెతుక్కోనక్కర్లేకపోయింది. 'మాయాబజార్', 1957, 'అహ నా పెళ్ళియంట'. తెర మీద సావిత్రి గారు, గొంతు సుశీల గారిది. కానీ ఆ శశిరేఖ మాయ శశిరేఖ, లోపలున్నది ఘటోత్కచుడు. పాటలో ఒకచోట ఉన్నట్టుండి మగ గొంతు బయటికొస్తుంది, అది ఘంటసాల గారిది. కొద్ది క్షణాలే. ఆ కాసేపట్లో కథ, హాస్యం, పాత్ర అన్నీ చెప్పేస్తుంది. మళ్లీ ఏమీ ఎరగనట్టు ఆడగొంతు అందుకుంటుంది.

ఇక్కడ నేను రాయాల్సిన స్వరాలు తక్కువ. కష్టమంతా చేతులు మారే చోటే ఉంది. ఆడగొంతు, మగ గొంతు మధ్య ఊపిరి పట్టేంత ఖాళీ వచ్చినా మాయ కాస్తా ఇద్దరు మనుషుల పాటయిపోతుంది. మా పాడే అమ్మాయిని, మా బావమరిదిని ఒకే మైకు ముందు నిలబెట్టి సాధన చేయిస్తున్నాను. ఒకరి చివరి అక్షరం మీద రెండోవాళ్ల మొదటి అక్షరం ఎక్కాలి. తాళం చేత్తో వేస్తూ నేర్చుకుంటే కుదరలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పాడితే వెంటనే కుదిరింది.

'శివశంకరీ శివానందలహరి' కూడా రాయమని చాలామంది అడిగారు. 1961 'జగదేకవీరుని కథ', దర్బారీ కానడ రాగంలో పెండ్యాల గారి సంగీతం, ఘంటసాల గారి గొంతు. తెలుగులో అంతకంటే గొప్ప పాట చెప్పమంటే నాకు నోరు రాదు. అయినా ఈ నోట్‌బుక్‌లో దానికి చోటివ్వలేదు. అది మొదటి నుంచి చివరిదాకా ఒకటే ఎక్కుడు. ఏ మెట్టూ మిగతావాటి నుంచి వేరుగా లేవదు, ఒక మెట్టు తీసి పక్కన పెడితే మొత్తం పోతుంది. దాన్ని రాయాలంటే పాటంతా రాయాలి, అది వేరే పని.

అక్టోబరు, హక్కుల సంగతి

కాగితాలు చూసి బయటి ఆర్కెస్ట్రాల వాళ్లు ఆడియో ముక్కలతో సహా పంపమని అడుగుతున్నారు. ఆడియో పంపడం లేదు. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. స్వరరచన మీద హక్కు స్వరకర్త పోయిన తరువాత కూడా 60 ఏళ్లు ఉంటుంది. అంటే 1957 నాటి 'మాయాబజార్' రికార్డు గడువు తీరినా, 1974లో పోయిన ఘంటసాల గారి స్వరరచన మీద గడువు ఇంకా తీరలేదు. కాబట్టి నోట్‌బుక్ మా రిహార్సల్ గదిలోనే ఉంటుంది. నేర్చుకోవాలనుకునేవాళ్లు వచ్చి కూర్చుని నేర్చుకోవచ్చు, టీ మాదే. ఎలా రాయాలో మాత్రం ఎవరడిగినా చెబుతాను, ఈ డైరీ రాస్తున్నదీ అందుకే.

ఇంకొకటి చేస్తున్నాను. ప్రతి పేజీ పైన పాట పేరు, స్వరకర్త, గాయకులతో పాటు ఆ బిట్టు వాయించినవాళ్ల పేరు రాయడానికి ఒక గడి పెట్టాను. అరుణాచలం గారి పేరు అందరికీ తెలుసు. ఇళయరాజా గారి దగ్గర వయొలిన్ వాయించిన వి.ఎస్. నరసింహన్, వేణువు వాయించిన నెపోలియన్ గార్ల పేర్లు శ్రద్ధగా వినేవాళ్లకు తెలుసు. చాలా పేజీల్లో మాత్రం ఆ గడి ఖాళీగా ఉంది. పాటల పుస్తకాల్లో, క్యాసెట్ అట్టల మీద వాళ్ల పేర్లు వేసే అలవాటే లేకపోయింది. జనం ఎదురుచూసే ముక్క వాయించిన మనిషి పేరు ఎక్కడా లేకపోవడం అన్యాయం. పాత స్టూడియోల్లో పనిచేసిన పెద్దవాళ్లు ఎక్కడ తటస్థపడినా అడుగుతున్నాను. రూఢిగా తెలిస్తేనే రాస్తాను, అందాకా గడి ఖాళీగానే ఉంటుంది.

అక్టోబరు చివరి ఆదివారం

కొత్త పద్ధతిలో తిరగరాసిన నాదస్వరం పేజీలు వేసుకుని మొదటిసారి పాట మొత్తం వాయించాం. మాస్టారు వచ్చి కూర్చున్నారు, నాదస్వరం తెచ్చుకోలేదు. వినడానికే వచ్చానన్నారు. గొంతుకు బదులు ఒకసారి నా వయొలిన్, ఒకసారి కీబోర్డు చెప్పాయి. వయొలిన్ గాంధారం ఆయనకు నచ్చింది. కీబోర్డు గాంధారానికి, "చక్రం తొందరగా వదిలేస్తున్నావు నాన్నా, దిగేటప్పుడు నిదానం" అన్నారు. మళ్లీ వాయించాం, ఈసారి తలూపారు.

గొంతూ వాయిద్యమూ కలిసి పరిగెత్తే చివరి భాగం ఇంకా మా చేతికి చిక్కలేదు. సగం వేగంలో కుదురుతోంది, ముప్పాతిక వేగంలో పరవాలేదు. అసలు వేగానికి వచ్చేసరికి తబలా ఒక దారి, మేమొక దారి. ముక్తాయింపు (ముగింపు దెబ్బల వరుస) లెక్క తన కాగితంలో లేదని బాబాయ్ ఫిర్యాదు. నిజమే, ఆయనకిచ్చిన పేజీలో స్వరాలున్నాయి గానీ దెబ్బలు లేవు. డోలు వాయించేవాళ్లను పిలిచి ఆ చోటు జతులతో (దెబ్బలను పలికే అక్షరాలతో) రాయించుకోవాలి. మాస్టారి మేనల్లుడు డోలు వాయిస్తాడట, వచ్చే వారం తీసుకొస్తానన్నారు.